తాళపత్రాలు: ప్రతి నుండి ప్రతికి

తాటాకుపై గంటంతో, అంటే మొన తేలిన ఇనుప లేఖినితో, గీసిన అక్షరాలకు స్వతహాగా రంగు ఉండదు గనుక, వాటిపై నూనె కలిపిన మసిని రుద్ది, పైమసిని తుడిచివేసినప్పుడే గీతల్లో నిలిచిన నలుపు వల్ల అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఆకులకు రంధ్రాలు చేసి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించిన కట్ట సైతం తేమకూ పురుగుకూ లోనై కొన్ని శతాబ్దాలలో శిథిలమయ్యేది. అందువల్ల తెలుగునాట గ్రంథరక్షణ అంటే ప్రధానంగా పాత ప్రతిని చూసి కొత్త ప్రతి రాయడమే. ఆ లేఖకుల పేర్లు చాలావరకు మరుగున పడినా, నేడు మిగిలిన ప్రాచీన కావ్యాలు వారి శ్రమఫలమే.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, ఆయనకు కుడిభుజంగా ఉండి 1803లో మరణించిన కావలి బొర్రయ్య, ఆ తరువాత బొర్రయ్య సోదరుడు లక్ష్మయ్య ఊరూరా శాసనాలను, కైఫీయతులను, అనగా గ్రామాల చరిత్ర వృత్తాంతాలను, సేకరింపజేశారు. 1820లో కడప చేరిన కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ మరొక అడుగు ముందుకు వేసి, పండితులకు జీతాలిచ్చి, వేర్వేరు ప్రతులను సరిపోల్చి శుద్ధపాఠాన్ని నిర్ణయించే పరిష్కరణను చేపట్టాడు; సేకరణ కన్న ఇదే కష్టతరమైన, విలువైన సేవ. వీరు కూర్చిన దక్షిణాది భాషల ప్రతులలో చాలాభాగం మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది.

ఇప్పుడు ఆకులకు నిమ్మగడ్డి నూనె పూసి, ఛాయాచిత్రాలు తీసి భద్రపరుస్తున్నారు. అటకలపై తాటాకు కట్టలున్న కుటుంబాలవారు వాటిని నదిలో కలపక, సమీప గ్రంథభాండాగారానికి అప్పగించాలి.