ల్యాక్టేషన్ కన్సల్టెంట్

తల్లిపాలు పట్టడంలో బాలింతకూ బిడ్డకూ ఎదురయ్యే ఇబ్బందులను కనిపెట్టి, వాటిని సరిదిద్దేందుకు ప్రత్యేక శిక్షణ పొందిన ఆరోగ్య వృత్తి నిపుణురాలిని ల్యాక్టేషన్ కన్సల్టెంట్ అంటారు. ఒకప్పుడు మంత్రసానులు, ఇంటి పెద్దలు చూసుకున్న పనిలో కొంత భాగం, కాన్పులు ప్రసూతి ఆసుపత్రులకు మారిన తరువాత, ఎవరిదీ కాకుండా పోయిందని, ఆ ఖాళీలోనే ఈ వృత్తి పుట్టిందని చెప్పవచ్చు.

ఆరంభం ఎప్పుడన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1956లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏడుగురు తల్లులు స్థాపించిన లా లెచె లీగ్‌తోనే ఇది మొదలైందని కొందరు రాస్తారు. డబ్బాపాల వాడకం బాగా పెరిగిన ఆ రోజుల్లో, పాలిచ్చిన అనుభవం ఉన్న తల్లి కొత్త తల్లికి తోడు నిలిచే పద్ధతిని ఆ సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన మాట నిజమే గాని, అది స్వచ్ఛంద సేవే తప్ప వృత్తి కాదు. చేతితో పాలు పిండే ఒక పద్ధతికి తన పేరు మిగిల్చిన చెలీ మార్మెట్, ఎలెన్ షెల్‌తో కలిసి 1970ల చివర లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నెలకొల్పిన శిక్షణ సంస్థను తొలి మెట్టుగా చూపేవారూ ఉన్నారు. అర్హతను తేల్చే పరీక్ష ఏర్పడడమే వృత్తికి గీటురాయి అనుకుంటే 1985ను స్వీకరించడం సమంజసం; లా లెచె లీగ్ ఆర్థిక సాయంతో అంతర్జాతీయ పరీక్షా మండలి ఏర్పడి, తొలి పరీక్ష జరిపింది ఆ ఏడాదే.

ఆ మండలి ఇచ్చే ఐబీసీఎల్‌సీ అనే గుర్తింపు కోసం అభ్యర్థులు ఆరోగ్య శాస్త్ర విషయాలతో పాటు స్తన్యపానంపై కనీసం 95 గంటల పాఠాలు చదవాలి. నర్సులు, వైద్యుల వంటి వారికి 1000 గంటల ఆచరణానుభవం అవసరం కాగా, అనుభవజ్ఞుల ప్రత్యక్ష పర్యవేక్షణలో నేర్చుకునేవారికి 500 గంటలు చాలు. గుర్తింపును ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. నిబంధనలు తరచు సవరణకు గురవుతాయి గనుక ఈ అంకెలను ఇటీవలి స్థితిగానే గ్రహించాలి.

పనిలో కీలకం బిడ్డ పాలు తాగుతుండగా దగ్గరుండి చూడడం. నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా అందుకుని, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టుకుంటే పాలు బాగా దిగుతాయి. చనుమొనను మాత్రమే చప్పరిస్తే తల్లికి పగుళ్లు, బిడ్డకు ఆకలి మిగులుతాయి. పాలు చాలడం లేదన్న ఫిర్యాదు సర్వసాధారణమైనా, నిజంగా చాలని సందర్భాలు అంతకన్నా తక్కువ. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గి, సుమారు రెండు వారాల్లో తిరిగి రావడం, వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయడం పాలు సరిపోతున్నాయనడానికి గుర్తులు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంతగా పాలు ఊరతాయి గనుక, మధ్యలో డబ్బాపాలు పట్టడం అనుమానాన్నే నిజం చేస్తుంది. కోస్తా ఆంధ్రలో పాలసొర చేప, మరికొన్ని చోట్ల వెల్లుల్లి, మెంతులు పాలు పడేలా చేస్తాయన్న నమ్మకం బలంగా ఉంది. వీటికి శాస్త్రీయ ఆధారం అంతంతమాత్రమే అయినా, బాలింత కడుపునిండా తినడానికి అవి సాకు అవుతున్నంత వరకు అభ్యంతరం చెప్పనక్కరలేదు. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే ఆచారం మాత్రం హానికరం.

భారతదేశంలో తల్లిపాలను ప్రోత్సహించేందుకు 1991లో వార్ధాలో ఏర్పడిన బీపీఎన్ఐ సంస్థ శిక్షణకు ఊతమిచ్చింది. పాలపొడి, పాలసీసాల ప్రచారాన్ని నిషేధించిన 1992 నాటి చట్టం, 2003 సవరణ ఆరోగ్య కార్యకర్తలు ఆ కంపెనీల నుంచి కానుకలు పుచ్చుకోవడాన్ని కూడా అడ్డుకున్నాయి. గ్రామాల్లో ఈ పనిని ఎక్కువగా ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలే చేస్తున్నారు. కన్సల్టెంట్లు ప్రధానంగా నగరాల ప్రైవేటు ఆసుపత్రులకే పరిమితం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. శస్త్రచికిత్స తరువాత తొలి గంటలో బిడ్డను రొమ్ముకు చేర్చడం కష్టం కావడంతో ఈ రాష్ట్రాల్లో నిపుణుల అవసరం మరీ ఎక్కువ. నెలలు నిండని శిశువుల విషయంలోనూ వారి పాత్ర ముఖ్యమే. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి వంటి తల్లిపాల బ్యాంకులు దాతల పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేసి నెలలు నిండని శిశువులకు అందిస్తాయి. ఇలాంటి చోట కన్సల్టెంటు మొదటి కర్తవ్యం, బిడ్డకు దూరంగా ఉన్న తల్లి చేత రోజుకు ఎనిమిదిసార్లయినా పాలు పిండించి, దాత పాల అవసరాన్ని వీలైనంత త్వరగా తప్పించడం.