లేని ఫోల్డర్ కోసం వెతికిన సర్వర్

2019 ఆగస్టు రెండో వారం. నేరేడ్‌మెట్‌లో లెక్కలు చూసే ఓ చిన్న ఆఫీసు. వెనక గదిలో విండోస్ సర్వర్, అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్. ఈ గదినీ, ఇందులో మాట్లాడుకునే ఇద్దరినీ కథనం కోసం కల్పించాను. లోపం, తేదీలు, పేర్లు మాత్రం నిజం.

"అన్నా, ఇటు చూడు. సర్వర్ లేస్తనే ఒక ఫోల్డర్ కోసం వెతుకుతున్నది. మన మిషన్ల ఆ ఫోల్డరే లేదు."

"లేనిదానికి భయమెందుకురా?"

"లేకపోబట్టే గదన్నా భయం! ఎవడన్న లాగినై అదే పేరుతోని ఫోల్డర్ చేసిపెడితే, సర్వర్ దాన్నే నమ్ముతది."

కుర్రాడి భయం ఉత్తది కాదు. ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పుట్టింది యూనిక్స్ లోకంలో. అక్కడ '/యూఎస్‌ఆర్/లోకల్' రూట్ అధీనంలో ఉంటుంది, మామూలు యూజర్ చెయ్యి పెట్టలేడు. కంపైల్ చేసేటప్పుడు ఆ దారి ప్రోగ్రామ్‌లోనే ముద్రపడిపోతుంది. అదే ప్రోగ్రామ్‌ను విండోస్ కోసం కంపైల్ చేస్తే, కొన్ని బిల్డ్‌లలో ఆ దారి 'సీ:/యూఎస్‌ఆర్/లోకల్' అవుతుంది. సీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ చేసుకునే వీలు మామూలు యూజర్‌కీ ఉంటుంది. అందులో పెట్టిన కాన్ఫిగరేషన్ ఫైలు 'ఈ డీఎల్‌ఎల్‌ను నడుపు' అంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నడిపేస్తుంది.

2019 జూన్‌లో భద్రతా పరిశోధకుడు రిచ్ మిర్చ్ ఈ లోపాన్ని డేటా బదిలీకి వాడే కర్ల్ టూల్‌లో పట్టుకున్నాడు. జులై 30న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం సీవీఈ-2019-1552 అనే నంబర్‌తో దీన్ని ప్రకటించి, తీవ్రత 'తక్కువ' అంది. ఆ మాట నాకు మింగుడుపడదు. పది మంది లాగినయ్యే మిషన్‌లో అది తక్కువ ఎలా అవుతుంది? ఆగస్టు 8న పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంతు: విండోస్ ఇన్‌స్టాలర్‌తో వచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోనూ అదే జబ్బు, సీవీఈ-2019-10211. తెలియజేసింది కర్ల్ భద్రతా బృందంలోని డేనియల్ గుస్తాఫ్‌సన్.

"మనమే ఆ ఫోల్డర్ చేసి పెడితే సరిపోదా?"

"ఉత్తగ చేస్తే సరిపోదన్నా. పైనుంచి దిగే పర్మిషన్లు తెంపాలె. లేకుంటే అందరూ రాయచ్చు. దానికన్న పోస్ట్‌గ్రెస్ 11.5కు అప్‌గ్రేడ్ చేసుడే నయం."

బ్యాకప్ తీశారు. సర్వీస్ ఆపి అప్‌గ్రేడ్ చేసి, మళ్లీ లేపారు.

"అయిపోయినట్టేనా?"

"సర్వర్ అయింది. క్లయింట్ లైబ్రరీల గూడ ఇదే లోపం ఉందన్నా. అడ్మిన్ లాగిన్‌తోని క్లయింట్ తెరిస్తే, దొంగ కోడ్ అడ్మిన్ హక్కులతోనే నడుస్తది. ముందుగాల నీ మిషన్ ఇయ్యి."