గోడలోంచి దూరిపోయిన బంతి

విండోస్ ఎక్స్‌పీ మీద చెయ్యి పెట్టినవాళ్ళలో పిన్‌బాల్ ఆడనివాళ్ళు తక్కువ. నెట్ లేనప్పుడు అదీ, సాలిటేరూ తప్ప దిక్కేముంది? 2007లో విస్టా వచ్చేసరికి అది మాయమైంది. ఎందుకో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే రేమండ్ చెన్ 2012లో చెప్పాడు. 64 బిట్‌కి మారుస్తుంటే బంతి దెయ్యంలా అడ్డొచ్చిన ప్రతిదాంట్లోంచీ దూరి కిందకి జారిపోయేదట. కోడ్ బయటి కంపెనీది, కామెంట్లు దాదాపు లేవు. బంతి దేనికైనా తగిలిందా లేదా అని చూసే భాగం అసలెక్కడుందో ఇద్దరు కూర్చుని వెతికినా దొరకలేదట! చివరికి ఆటనే పీకేశారు. (64 బిట్ ఎక్స్‌పీలో ఆట బాగానే నడిచేదని తర్వాత తవ్వినవాళ్ళు తేల్చారు. అంటే ఎవరో సరిచేశారు, అది ఈయన కథలోకి ఎక్కలేదు. మన ఆఫీసుల్లో జరగనిదా :-))

నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, పిన్‌బాల్‌లో ఆ తగిలే భాగమే కదా ఆటంతా. మిగతావి లైట్లూ, శబ్దాలూ.

ఇదే పనిని ఇంకో దారిలో చేసినవాళ్ళ గురించి చెప్పాలనే ఈ టపా. 1999 అక్టోబరులో అమెరికాలో పేరుమోసిన విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ యంత్రాల తయారీ ఆపేసింది. మరుసటేడు డిసెంబరులో ర్యాండీ డేవిస్ విజువల్ పిన్‌బాల్ అనే ప్రోగ్రాం వదిలాడు. ఎవరి టేబుల్ వాళ్ళే గీసుకుని, వీబీస్క్రిప్ట్‌లో రూల్స్ రాసుకోవచ్చు. తర్వాత సోర్సూ బయటికొచ్చింది. పాత యంత్రాల చిప్పుల్లోని ప్రోగ్రాంలని ఉన్నవున్నట్టు నడిపే పిన్‌మేమ్ దానికి తోడైంది.

చిప్పులో ఉన్నవి బిట్లు, కాపీ కొడితే వచ్చేస్తాయి. బంతి అలా రాదుగా. 80 గ్రాముల ఉక్కు, 27 మి.మీ. వ్యాసం, ఆరున్నర డిగ్రీల వాలు, రబ్బరు... ఎవరో ఒకరు కూర్చుని లెక్కగట్టాల్సిందే.

అసలు మజా ఇక్కడుంది. బంతి సెకనుకి 5 మీటర్లు పోతోందనుకోండి. సెకనుకి 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకీ 83 మి.మీ. గెంతుతుంది, అంటే మూడు బంతులంత దూరం. మధ్యలో సన్నటి తీగుంటే ఈ ఫ్రేములో ఇటు, వచ్చే ఫ్రేములో అటు! తగిలినట్టే తెలీదు. అందుకని విజువల్ పిన్‌బాల్ ఫ్రేములతో పెట్టుకోదు. మిల్లీసెకను చొప్పున అడుగులేస్తూ, ఆ అడుగులో బంతి ముందుగా దేనికి, సరిగ్గా ఏ క్షణాన తగులుతుందో లెక్కేసి, అక్కడిదాకా జరిపి, వెనక్కి తిప్పి, మిగిలిన సమయానికి మళ్ళీ లెక్క మొదలెడుతుంది.

గుండ్రటి పోస్టుకి తగిలే క్షణం కావాలంటే ఇంటర్‌లో చదివిన వర్గ సమీకరణం చాలు. ఫ్లిప్పర్‌తోనే చిక్కు. బంతి కదులుతోంది, ఫ్లిప్పరూ తిరుగుతోంది, సూత్రంలో వేస్తే జవాబు రాదు. సోర్స్ తెరిచి చూస్తే ఏం వాడారో తెలుసా? మన రెగ్యులా ఫాల్సీ, కాస్త మార్చి! బి.టెక్‌లో "ఇది ఎవడిక్కావాలి" అని నేను తిట్టుకుంటూ బట్టీ పట్టింది ఇదే. రబ్బరుకీ ఓ తిక్కుంది. మెల్లగా తగిలిన బంతిని బాగా తిప్పికొడుతుంది, గట్టిగా తగిలినదాన్ని అదే దామాషాలో కొట్టదు. దానికీ ఓ సెట్టింగు పెట్టారు.

2005లో వచ్చిన ఫ్యూచర్ పిన్‌బాల్ అప్పట్లో బొమ్మల్లో దీన్ని మించింది. సోర్స్ మాత్రం మూత. రాసినాయన ఆపేశాక, అభిమానులు నడుస్తున్న ప్రోగ్రాంలోకి బయట్నుంచి చొరబడి బాగుచేసుకోవాల్సొచ్చింది. ఆ ఓపికకి దండం పెట్టాలి గానీ, ఆ పరిస్థితి నాకు నచ్చదు.

అన్నట్టు, ఎక్స్‌పీ పిన్‌బాల్‌ని 2021లో ఒక ప్రోగ్రామర్ డీకంపైల్ చేసి, సీ ప్లస్ ప్లస్‌లోకి తెచ్చి, గిట్‌హబ్‌లో పెట్టాడు. లినక్స్‌లోనూ నడుస్తుంది. చెన్‌కి దొరకని ఆ భాగం ఇప్పుడెవరైనా చదువుకోవచ్చు. కంపైలర్ మింగేసిన ఆ నాలుగు కామెంట్లు మాత్రం తిరిగి రాలేదు.