ఉమ్మడి పెంపకము

ఉమ్మడి పెంపకము అనగా తల్లిదండ్రులు ఇద్దరూ, ఒకే ఇంట ఉన్నను వేరుగా ఉన్నను, పిల్లల తిండి, చదువు, ఆరోగ్యము, నడవడికలకు సంబంధించిన నిర్ణయములను కలిసి తీసికొనుట. ఇది ఉమ్మడి కుటుంబమునకు పర్యాయపదము కాదు. భార్యాభర్తలుగా విడిపోయినవారు కూడ తల్లిదండ్రులుగా కలిసి పనిచేయవచ్చును. తెలుగు పల్లెలలో ఈ బాధ్యతలో అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలకు కూడ పెద్ద పాలు ఉన్నది.

కనిగిరి ప్రాంతములో

1970లో ఒంగోలు జిల్లా (1972 నుండి ప్రకాశం జిల్లా) ఏర్పడువరకు కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండెను. ఇక్కడి సేద్యము చాలవరకు వర్షాధారము. కరువు తరచు వచ్చును. భూగర్భజలములో ఫ్లోరైడు ఎక్కువ. అందువలన అనేక కుటుంబములవారు పనులకై హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములకు వలస పోవుదురు. పిల్లలను వెంట తీసికొనిపోయిన చదువు ఆగిపోవును. ఊరిలో ఉంచిన తల్లిదండ్రులు దూరమగుదురు. ఊరిలో ఉంచినప్పుడు అన్నము పెట్టుట, బడికి పంపుట, జ్వరము వచ్చిన ఆసుపత్రికి తీసికొనిపోవుట వృద్ధుల పని. డబ్బు పంపుట తల్లిదండ్రుల పని. వలస కుటుంబముల పిల్లల కొరకు సర్వశిక్షా అభియాన్ క్రింద రాష్ట్రములో సీజనల్ హాస్టళ్ళు కూడ నడపబడినవి.

పిల్లలతో అనుబంధము

రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అను పరిశోధకులు స్కాట్లండులోని గ్లాస్గోలో 60 మంది శిశువులను పరిశీలించి 1964లో ఫలితములను ప్రకటించిరి. ఏడాదిన్నర వయసునకు అత్యధికులు ఒకరికంటె ఎక్కువమందితో గాఢమైన అనుబంధము పెంచుకొనిరి. ఎక్కువసేపు దగ్గర ఉన్నవారికంటె, తమ పిలుపునకు పలికినవారికే శిశువులు చేరువైరి. కనుక నాయనమ్మ వద్ద పెరుగుట తనంతట తాను లోపము కాదు. అయితే ఒకరు వద్దన్నదానికి మరొకరు చాటుగా ఒప్పుకొనిన, బిడ్డ ఎవరి మాటకూ విలువ ఈయడు. దూరమున ఉన్న తల్లిదండ్రులు ఫోనులో మార్కులు మాత్రమే అడుగక, బిడ్డ చెప్పునది వినుట, ఇంటి పెద్దలతో ముందుగా ఒక మాట అనుకొనుట మేలు.

చట్టము

బిడ్డ క్షేమమే ముఖ్యమను సూత్రము 1890 నాటి సంరక్షకుల చట్టములోనే ఉన్నది. హిందువులకు వర్తించు 1956 చట్టము ప్రకారము సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి. ఐదేండ్లలోపు బిడ్డ సాధారణముగా తల్లి వద్ద ఉండవలెను. గీతా హరిహరన్ కేసులో (1999) సుప్రీంకోర్టు, "తరువాత" అనగా తండ్రి మరణానంతరము అని మాత్రమే కాదనియు, అతడు బాధ్యత వహించని స్థితి కూడ అందులో చేరుననియు వివరించినది. విడిపోయిన తల్లిదండ్రులకు ఉమ్మడి సంరక్షణ అప్పగించు వీలు చట్టములో ఉండవలెనని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసినది. నిత్యము పెంచుచున్నను తాతయ్య, నాయనమ్మలు ఈ చట్టము దృష్టిలో సహజ సంరక్షకులు కారు. అవసరమైనచో న్యాయస్థానము వారిని సంరక్షకులుగా నియమించవచ్చును.

ఇవి కూడ చూడండి

ఉమ్మడి కుటుంబము
కనిగిరి
వలస