గొర్రెల కాపరి ఊళ్ళో పసిపిల్లల పండుగలు

అమెరికా పటంలో శాన్ ఫ్రాన్సిస్కో చూశారా? అక్కడి నుంచి తూర్పుగా అఖాతం దాటి, కొండలు ఎక్కి దిగితే ఒక లోయ వస్తుంది. ఆ లోయలో ఉన్న ఊరే శాన్ రామన్. 2020 జనాభా లెక్కల్లో 84,605 మంది ఉన్నారు. కంప్యూటర్ ఉద్యోగాల మీద వెళ్ళిన మన తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. ‘ఎడారిలో ఉన్న మాకు అమెరికా సంగతులు ఎందుకు’ అని పేజీ తిప్పెయ్యకండి మిత్రులారా. ముందు ఆ ఊరి పేరు ఎలా వచ్చిందో వినండి.

స్పానిష్ భాషలో ‘శాన్’ అంటే పుణ్యపురుషుడు. రామన్ అంటే ఎవరో పెద్ద మతగురువు అనుకుంటాం. కాదు. 1797లో స్పెయిన్ పాదిరీలు ఆ దగ్గర్లో మిషన్ శాన్ హోసే అనే మఠం కట్టారు. ఆ మఠం గొర్రెలను ఈ లోయలో చూసుకున్న మనిషి పేరు రామన్. ఆయన పేరే అక్కడి వాగుకి వచ్చింది. స్పానిష్ వాళ్ళ అలవాటు ప్రకారం తర్వాత ముందు ‘శాన్’ తగిలించారు. హోసే మరియా అమాడోర్ అనే పాత భూస్వామి 1855లో ఒక కోర్టు కేసులో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాడు. కువైట్‌లో, సౌదీలో గొర్రెలు, ఒంటెలు కాసే మన పాలమూరు, కడప అన్నదమ్ములు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళలో ఒక్కరి పేరైనా ఏ వాగుకైనా పెట్టారా?

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ ప్రాంతపు చిన్నపిల్లల బడుల్లో, అంటే మన నర్సరీ, అంగన్‌వాడీ వయసు పిల్లల తరగతుల్లో, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పండుగల వరస ఉంటుంది. గుమ్మడికాయలకు రంగులు వేస్తారు. చైనా వాళ్ళ చంద్రుడి పండుగ వస్తుంది. అక్టోబరు 31న హాలోవీన్ వేషాలు. ఆ ముందో వెనకో మన దీపావళి ప్రమిదలు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. నాలుగేళ్ళ పిల్లకి ఇవన్నీ రంగు కాగితాలూ, జిగురూ, మిఠాయిలూ. కానీ వీటిలో చాలావరకు పొట్ట చేత పట్టుకుని వలస వచ్చినవాళ్ళ వెనక నడిచి వచ్చినవే.

అసలు ఆ బడే వలస వచ్చింది. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో పసిపిల్లలకి ఆటపాటలతో చదువు మొదలుపెట్టి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. 1856లో మార్గరెథ షుర్జ్ అనే జర్మన్ వలస మహిళ విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో తన ఇంట్లోనే, జర్మన్ భాషలోనే, అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ నడిపింది. 1878లో శాన్ ఫ్రాన్సిస్కో కూలీల వాడలో, సిల్వర్ స్ట్రీట్‌లో, కేట్ డగ్లస్ విగ్గిన్ అనే రచయిత్రి ఫీజు లేని బడి పెట్టింది. రాకీ పర్వతాలకు పడమర అలాంటి ఉచిత బడి అదే మొదటిది. తల్లీతండ్రీ పనికి పోతే వీధిలో తిరిగే పిల్లలే అక్కడ విద్యార్థులు.

హాలోవీన్ ఐర్లండ్ వాళ్ళది. 1845లో అక్కడ బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఆ ఐరిష్ కూలీలు అమెరికాలో కాలవలు తవ్వారు, రైలు పట్టాలు వేశారు. చలికాలం మొదలయ్యే రాత్రి దీపాలు పెట్టే తమ పాత ఆచారాన్నీ వెంట తెచ్చుకున్నారు. స్వదేశంలో టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టేవారు. కొత్త దేశంలో అంతకన్నా పెద్దదీ మెత్తదీ అయిన గుమ్మడికాయ దొరికింది. ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన హాఫ్ మూన్ బే అనే ఊళ్ళో 1974 నుంచి ఏటా గుమ్మడికాయల తూకం పోటీ జరుగుతోంది. 2023లో అక్కడ గెలిచిన కాయ 2,749 పౌండ్లు, అంటే దాదాపు పన్నెండున్నర క్వింటాళ్ళు!

ఆ రోజు పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మనకి ఇది వింతేమీ కాదు. మన వీధిబడుల రోజుల్లో దసరా వస్తే పంతులుగారు పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఊరంతా తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులు ఉండేవి. గుమ్మం ముందు నిలబడి పాట పాడితే ఇంటివాళ్ళు పిల్లలకి పప్పు బెల్లాలు పంచి, పంతులుగారి చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు. ఆ కాలపు పంతులుగారికి సర్కారు జీతం లేదు, దసరా మామూలే పెద్ద ఆసరా. జీతాల బడులు వచ్చాక ఆ తిరగడం పోయింది. మన దగ్గర పోయిన ఆచారానికి తోబుట్టువు లాంటిది వేరే దేశంలో బతికి ఉండటం చూస్తే నాకైతే కొంచెం కుళ్ళుగానే ఉంటుంది.

థాంక్స్‌గివింగ్‌కి మూలం 1621లో ప్లిమత్‌లో ఇంగ్లీషు వలసదారులూ, వాంపనోగ్ తెగ వాళ్ళూ కలిసి చేసిన కోతల విందు అంటారు. కానీ అది దేశమంతటి పండుగ అయ్యింది సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలి పట్టుదల వల్ల. మన ఇంగ్లీషు మీడియం నర్సరీ పిల్లలు కూడా పాడే మేరీ గొర్రెపిల్ల పాటను 1830లో అచ్చు వేయించింది ఈమే. చూశారా, మళ్ళీ గొర్రె వచ్చింది! ఆమె ఏళ్ళ తరబడి అధ్యక్షులకి ఉత్తరాలు రాస్తే, చివరికి అంతర్యుద్ధం మధ్యలో 1863 అక్టోబరులో లింకన్ ప్రకటన చేశాడు. ఇప్పుడున్న నాలుగో గురువారం 1941లో చట్టమైంది. తర్వాత వలస వచ్చిన వాళ్ళ పిల్లలకి అమెరికా పద్ధతులు నేర్పడానికి బడులు ఈ పండుగను బాగా వాడుకున్నాయి.

దీనికి ఇంకో వైపు ఉంది. పసిపిల్లల తలకి కాగితపు ఈకలు కట్టి ‘ఇండియన్లు’ అని వేషం వేయించేవారు. కాలిఫోర్నియాలోనే క్లేర్‌మాంట్ అనే ఊళ్ళో 2008లో దీని మీద పెద్ద గొడవ అయ్యింది. మా పూర్వీకులు భూములు పోగొట్టుకున్న కథను వేషంగా మార్చకండి అని ఒక తల్లి అడిగింది. ఆ ఏడు బడి వాళ్ళు విందు ఉంచి వేషాలు మానిపించారు. ఊరు రెండు ముక్కలైంది. నా మటుకు నాకు ఆ తల్లి అడిగింది న్యాయమే. శాన్ రామన్ లోయలోనూ మొదట ఉన్నది ఓలోనీ, మివోక్ తెగల వాళ్ళే. మఠం కట్టాక వాళ్ళను అక్కడికి చేర్చారు. కొత్త రోగాలతో చాలామంది చనిపోయారు.

చైనా వాళ్ళ సంగతి ఇంకా చేదు. 1860లలో కొండలు తొలిచి కాలిఫోర్నియా వైపు రైలు మార్గం వేసింది వాళ్ళే. పని అయిపోయాక 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టం చేశారు. 1884లో మేమీ టేప్ అనే ఎనిమిదేళ్ళ పాపను శాన్ ఫ్రాన్సిస్కో బడిలో చేర్చుకోలేదు. పాప అక్కడే పుట్టింది, ఇంగ్లీషు మాట్లాడుతుంది, అయినా గుమ్మం దగ్గరే ఆపేశారు. తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళి 1885లో గెలిచారు. వెంటనే ప్రభుత్వం చైనా పిల్లలకి వేరే బడి అని కొత్త చట్టం తెచ్చింది! పాప చివరికి ఆ వేరే బడికే వెళ్ళింది. ఆ వేరు బడుల చట్టం కాలిఫోర్నియాలో 1947లో గానీ పోలేదు. అదే ప్రాంతంలో ఇప్పుడు టీచరమ్మే చంద్రుడి పండుగకి కాగితపు లాంతర్లు చేయిస్తుంది. పండుగ తరగతిలోకి రావాలంటే ముందు పిల్ల రావాలి కదా.

ఇక మనం. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చాక మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళడం మొదలైంది. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. శాన్ రామన్‌లో అంతకు ముందు వాల్‌నట్, పియర్ తోటలు ఉండేవి. బిషప్ రాంచ్ అనే తోట భూముల్లో పెద్ద ఆఫీసులు లేచాయి. 1983లో ఊరు మున్సిపాలిటీ అయ్యింది. ఉద్యోగాల వెనక కుటుంబాలు, కుటుంబాల వెనక పిల్లలు. హెచ్-1బి వాళ్ళ భార్యలకి 2015 మే దాకా ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆ తర్వాత కూడా గ్రీన్ కార్డు దారిలో ఉన్న కొందరికే వచ్చింది. డిగ్రీలు చదివి ఇంట్లో కూర్చున్న తల్లులకి బడిలో జీతం లేని సాయం చెయ్యడానికి మాత్రం అడ్డు లేదు. నా ఉద్దేశంలో మన దీపం తరగతిలోకి ఎక్కువగా ఆ చేతుల మీదుగానే వెళ్ళింది.

అక్కడ పద్ధతులు వేరు. సర్కారు బడిలో మతం గురించి చెప్పవచ్చు గానీ పూజలు చేయించకూడదని 1963లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని లక్ష్మీపూజ ఉండదు. మట్టి ప్రమిదకి రంగు వేస్తారు, కథ చెబుతారు, ముగ్గు వేస్తారు. తరగతిలో మంట పెట్టనివ్వరు కాబట్టి బ్యాటరీ దీపం. కొందరు పిల్లలకి జీడిపప్పు, వేరుశనగ పడవు కాబట్టి చాలా బడుల్లో మన లడ్డూలూ కష్టమే. బతుకమ్మకి తంగేడు, గునుగు దొరకవు, బంతీ చామంతులతో సరిపెట్టుకుంటారు. తెలుగు అక్షరాలకి మాత్రం సిలికానాంధ్ర వాళ్ళు 2007లో మనబడి పెట్టారు.

ఇదంతా రాస్తుంటే మన సంగతి గుర్తు రాకుండా ఉండదు. శాన్ రామన్ తండ్రికి వీసా బెంగ ఉన్నా పిల్ల పక్కనే ఉంది. మన లేబర్ వీసా మీద, మన జీతం మీద పిల్లల్ని తెచ్చుకోలేం. మన పిల్లలు నిజామాబాద్‌లో, జగిత్యాలలో, కోనసీమలో అంగన్‌వాడీలో తల్లితోనో అమ్మమ్మతోనో పండుగ చేసుకుంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ అంగన్‌వాడీ కూడా కూలీల పిల్లల కోసం పెట్టిందే. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడుగుతాం. బడిలో బతుకమ్మ ఆడారా, ఏం పూలు తెచ్చారు అని కూడా ఒక మాట అడిగి చూడండి.

చట్టం అన్నిటికన్నా చివర వచ్చింది. న్యూయార్క్ నగరం బడులకి దీపావళి సెలవు చట్టం 2023 నవంబరులో అయ్యింది. 2024లో పెన్సిల్వేనియా, 2025లో కనెక్టికట్ రాష్ట్రాలు దీపావళిని గుర్తించాయి. కాలిఫోర్నియాలో యాష్ కాల్రా, దర్శనా పటేల్ అనే శాసనసభ్యులు తెచ్చిన బిల్లు మీద గవర్నర్ న్యూసమ్ 2025 అక్టోబరులో సంతకం పెట్టాడు. 2026 జనవరి 1 నుంచి దీపావళి అక్కడ రాష్ట్ర పండుగ. బడులు కావాలంటే మూసుకోవచ్చు, తప్పనిసరి కాదు. నాలుగేళ్ళు నిండిన పిల్లలందరికీ సర్కారు బడిలో చోటు ఇవ్వాలన్న నియమం కూడా 2025-26 చదువుల ఏడాదితోనే పూర్తిగా అమలులోకి వచ్చింది. అయితే చట్టం వచ్చాక మొదటి దీపావళి 2026 నవంబరు 8, ఆదివారం పడింది. బడికి ఎలాగూ సెలవే. ప్రమిదలకి రంగులు వెయ్యాలంటే శుక్రవారమే.