గోదారికి ఇటు ఒక రూలు, అటు ఒక రూలు: గస్తీ నిషాన్ 53 కథ

పోలవరం ముంపు ఊళ్ల మీద మనం చేసిన వీడియో పోయిన నెల మాయమైంది కదా. ప్లాట్‌ఫామ్ వాళ్లు పంపింది ఒక్కటే లైను: మా నిబంధనలకు విరుద్ధం. ఏ నిబంధన? ఏ నిమిషం దగ్గర తప్పు? చెప్పలేదు. ఆ కోపంలో నాకు గస్తీ నిషాన్ 53 గుర్తొచ్చింది. ఇవాళ దాని కథ చెప్తా.

ఒకసారి భద్రాచలం బ్రిడ్జి మీద నిలబడ్డట్టు ఊహించుకోండి. ఈ బ్రిడ్జి 1965లో వచ్చింది, అంతకుముందు పడవలే. ఇటు సారపాక, బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం. అటు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ, తూర్పు గోదావరి జిల్లా. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే. అదే అడవి, అవే కోయగూడేలు. కానీ నోరు విప్పాలంటే మాత్రం రెండు రూల్సు.

నిజాం ప్రభుత్వం ఒక గస్తీ తెచ్చింది. గస్తీ అంటే సర్క్యులర్. దాని ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టకూడదు. అంటే మాట్లాడక ముందే మోడరేషన్! ఆంధ్రమహాసభ రెండో మహాసభ 1931లో దేవరకొండలో జరిగితే, మూడోది మన ఖమ్మంలో జరిగేసరికి 1934 వచ్చింది. ఆ గస్తీని రద్దు చేయమని మహాసభ అడుగుతూనే వచ్చింది.

అటువైపు బ్రిటిష్ వాళ్లేమన్నా మంచోళ్లా? 1922లో ఒక పాట రాసినందుకు గరిమెళ్ల సత్యనారాయణను జైల్లో వేశారు. 1931 ప్రెస్ చట్టంతో పత్రికల దగ్గర డిపాజిట్లు అడిగారు.

నిజాం రాజ్యంలో చివరికి సంగతి ప్రాణాల మీదికే వచ్చింది. మన పక్కనే మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక నడిపాడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర ఆయన్ను చంపేశారు. రాసిన చేతిని నరికేశారు.

మరి ఇప్పుడు? రాజ్యాంగంలో ఆర్టికల్ 19 ఉంది. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టం సెక్షన్ 66ఏ కొట్టేసింది. కానీ ఆర్టికల్ 19 మనల్ని కాపాడేది ముఖ్యంగా ప్రభుత్వం నుంచి. వీడియో తీసేసేది ప్రైవేటు కంపెనీ అయితే కథ వేరు. బ్రిడ్జికి అవతల, భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. ఫోన్‌లో మాత్రం ఆ సరిహద్దు లేదు. రూలు రాసేవాళ్లు సముద్రాల అవతల ఉన్నారు.

అట్లని మోడరేషనే వద్దంటే నేనొప్పుకోను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారని వాట్సాప్‌లో పుకార్లు తిరిగి, మన తెలంగాణలోనే అమాయకుల్ని కొట్టి చంపారు. అట్లాంటివి తీసేయాల్సిందే. నేనడిగేది ఒక్కటే, కారణం చెప్పి తీసేయండి. గస్తీ 53 దుర్మార్గమే, కానీ దానికి ఒక నంబరుంది. దేని మీద కొట్లాడాలో మనోళ్లకు తెలుసు. నాకొచ్చిన మెసేజ్‌కి నంబరూ లేదు, పేరూ లేదు.

మీకూ ఇట్లాగే జరిగితే ఊరుకోకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేయొచ్చు. నేను మొదటి ఉత్తరం పంపేశా. ఏ జవాబొచ్చినా మీ ముందు చదువుతా. ఉంటా మరి.