మెట్టదారిన నడిచినవాళ్ళు

మేము జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల తండాల్లో, ఎరుకల కాలనీల్లో పుట్టి పెరిగినవాళ్ళం. మాలో సేవాలాల్‌కు భోగ్ పెట్టేవాళ్ళున్నారు, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. మా ప్రాంతానికి సువార్త ఎలా వచ్చిందని ఎవర్ని అడిగినా, దొరలు తెచ్చారనే అంటారు. ఆ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగాన్ని మా పిల్లలకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఈ నేల గురించి రెండు మాటలు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు కిందికి, డెల్టాకు పారాయి. పైనున్న మా మెట్టకు ఆ నీళ్ళు ఎక్కలేదు. మునేరు, పాలేరు, వైరా ఏరు వానాకాలంలో పొంగి, ఎండాకాలానికి ఇసుక మిగిల్చేవి. జొన్నా, కందీ వానను నమ్ముకుని పండేవి. అయితే బందరు నుంచి హైదరాబాదు వెళ్ళే పాతదారి మా మీదుగానే పోయేది. జగ్గయ్యపేటలో బయటపడిన స్తూపమే దానికి సాక్షి. రెండు వేల ఏళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు కూడా కాలినడకనే ఇక్కడికి వచ్చారు. కొత్త మాటను మోసుకొచ్చే మనుషుల్ని చూడటం ఈ నేలకు కొత్త కాదు.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. నోబుల్ బడి పెట్టాడు. పెద్ద కులాల పిల్లలు మారితే కిందివాళ్ళూ వెంట వస్తారని ఆయన నమ్మకం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ ఇద్దరిలో ఒకరు ఐనాల భూషణం. ఆయన, తర్వాత బాప్తిస్మం పొందిన మంచాల రత్నం, 1864లో గురువులుగా అభిషేకం పొందారు. ఇల్లూ, కులమూ, ఆస్తీ వదులుకుంటే గాని వాళ్ళకు ఆ పిలుపుకు జవాబు చెప్పడం కుదరలేదు.

మా మెట్టలో కథ ఇంకోలా మొదలైంది. నందిగామ తాలూకా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. దొంగల ముఠాకు నాయకుడని చుట్టుపక్కల పేరు. బొమ్మలు దేవుళ్ళు కావని ఒక దొర చెబుతున్నాడన్న మాట తన బంధువు నోట విన్నాడు. ఆ దొరను చూడలేదు, పుస్తకం చదవలేదు. అయినా ఆ మాట మనసులో నాటుకుంది. విగ్రహాలకు మొక్కడం మానేసి, నువ్వెవరో, ఎక్కడున్నావో చూపించమని కనిపించని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాడు. 1859లో కృష్ణ స్నానాలకు బెజవాడ వెళ్ళినప్పుడు అక్కడ డార్లింగ్ దొర ఉన్నాడని తెలిసి, వెళ్ళి కలిశాడు. డార్లింగ్ అప్పటికి చాలా ఏళ్ళుగా బోధిస్తున్నా వినేవాళ్ళు దొరకక నిరాశలో ఉన్నాడు. ఆ ఏడే రాఘవాపురంలో వెంకయ్యా, ఆయన వాళ్ళూ బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథలో ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారో చూడండి. దొర పల్లెకు రాకముందే పల్లె దొర దగ్గరికి నడిచి వెళ్ళింది. ఆ తర్వాత వెంకయ్య ఊరుకోలేదు. చుట్టాలున్న ఊరికల్లా వెళ్ళి చెప్పాడు. మాటలు రాసుకోవడానికి అక్షరం రాదు, జీతం లేదు. పాత వెంకయ్య ఎలాంటివాడో అందరికీ తెలుసు కాబట్టి కొత్త వెంకయ్యను చూసి జనం ఆగి విన్నారు. అలా మాటపల్లె నుంచి మాదిగపల్లెకు, ఊరి నుంచి ఊరికి చుట్టరికాల దారినే విశ్వాసం పాకింది. ఎదురుదెబ్బలూ తప్పలేదు. ఆదివారం పనికి రామంటే ఆసాములకు కోపం, జాతరలో చేయాల్సిన చాకిరీ మానేస్తే ఊరందరికీ కోపం. పని ఇవ్వకపోతే ఆ పూట పొయ్యి వెలగని ఇళ్ళవి.

ఇక మన గిరిజనుల సంగతి. మెట్టకు ఉత్తరాన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860లో కోయల మధ్య పని మొదలైంది. అక్కడ నది పనులు చూస్తున్న ఇంజనీరు హేగ్ దానికి పూనుకున్నాడు. కాని కోయగూడేల్లో నిలబడి పని చేసినవాడు ఐ. వెంకటరామరాజు. రాజపుత్ర కులంలో పుట్టి, ప్రభుత్వ కొలువు వదిలి వచ్చాడు. అడవి జ్వరాలు తెల్లవాళ్ళను నిలవనివ్వకపోయినా ఆయన నిలిచాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించీ భాష గురించీ రాసిన వ్యాసాలను పరిశోధకులు నేటికీ చదువుతారు. వెంకటరామరాజు పేరు మాత్రం మనలో ఎందరికి తెలుసు?

మన చరిత్రలో ఒక చేదు పేజీ కూడా ఉంది. దాన్ని దాచం. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించాక ఎరుకలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. దాని నిర్వహణను సర్కారు సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. బడి వచ్చింది, పని వచ్చింది, ప్రార్థన వచ్చింది. వాటితోపాటు హాజరూ వచ్చింది, అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదన్న నిబంధనా వచ్చింది. రాఘవాపురంలో దొంగ అనిపించుకున్న మనిషి తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాడు. స్టువార్టుపురంలో ఏ దొంగతనమూ చేయని పసివాళ్ళను కూడా దొంగలుగా లెక్కగట్టి సువార్త వినిపించారు. మొదటిది పిలుపు. రెండోదాన్ని పిలుపు అనడానికి మాకు నోరు రాదు. 1952లో ఆ చట్టం పోయినా ముద్ర ఇంకా పూర్తిగా చెరగలేదు.

అజరయ్య గారి పనిని మేము ఇందుకే గౌరవిస్తాం. ఆయన తిరునెల్వేలి తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన కిందికి వచ్చాయి. బాప్తిస్మం పొందిన ప్రతివాళ్ళచేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే పౌలు మాట పలికించేవాడు. కూలీ అయినా, చదువురాని అవ్వ అయినా సేవకులేనన్నమాట. వెంకయ్య దారినే ఆయన సంఘానికి పద్ధతిగా చేశాడు.

ఈనాటి కష్టం ఇంకో రకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ సి కిందికి వస్తారు. వెంకయ్య సంతతివాడు పిలుపును కాగితం మీద ఒప్పుకుంటే ఆ హోదా పోగొట్టుకోవాలి. గిరిజనులకు ఆ షరతు లేదు, ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. కాని మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసెయ్యాలన్న డిమాండు దేశంలో గట్టిగానే వినిపిస్తోంది. తండాల్లో కొత్తగా సేవకు వచ్చిన మా కుర్రాళ్ళు దీన్ని ఎరిగే వస్తున్నారు. వారమంతా మిరపకోతలకు వెళ్ళి, ఆదివారం గోర్ బోలీలో ప్రార్థన నడిపే తమ్ముళ్ళు మాకు తెలుసు. ఆచారం చెడగొట్టావని నాయక్ నిలదీస్తే తలవంచుకుని విని, ఆ నాయక్ ఇంట్లో చావు జరిగితే ముందుగా వెళ్ళి కట్టెలు మోసినవాళ్ళున్నారు.

వాళ్ళ విశ్వాసం మాలో అందరిదీ కాదు. కాని వాళ్ళు ఎవరూ తోలుకెళ్ళగా వెళ్ళినవాళ్ళు కారు. ఆ మాట చరిత్రలో నమోదు కావాలి. మీ ఊళ్ళో మొదట ప్రార్థన పెట్టిన తాత ఎవరో, ఆయనకు అన్నం పెట్టిన అవ్వ ఎవరో, వెలి వేస్తామన్నది ఎవరో, వెలిలోనూ నీళ్ళు పోసింది ఎవరో ఇప్పుడే అడిగి రాసుకోండి. చెప్పగలిగినవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు.